మెట్టె నల్లబడలేదు

మా తోడికోడలికీ నాకూ పడదు. అప్పుడూ పడేది కాదు, ఇప్పుడూ పడదు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. చివరికి మేమిద్దరం కావలించుకుని ఏడుస్తామేమోనని ఎవరైనా ఎదురుచూస్తే వాళ్ల టైము దండగ.

సూరత్‌లో పాండేసరా మిల్లుల పక్కన వడోద్ ఉంది. పవర్‌లూమ్‌ల మీద పనిచేసే కుటుంబాలు వరసగా కట్టిన గదుల్లో ఉంటాయి. మాది రెండు గదుల ఇల్లు. ముందు గదిలో బావగారు, తోడికోడలు, వాళ్ల పదేళ్ల కూతురు. వెనక గదిలో నేను, నా భర్త, మా ఐదేళ్ల పిల్ల. రెండు గదుల మధ్య వంటకు ఒక ఇరుకు జాగా. అందులో రెండు స్టవ్వులు, చెరో గోడకు ఒకటి. ఇద్దరం ఒకేసారి వంటకు నిలబడితే వీపులు తగులుతాయి. వీపులు తగలకుండా వండుకోవడం మేము ఏళ్ల తరబడి సాధించిన విద్య. నేను కాపురానికి వచ్చిన మూడో నెలలోనే పొయ్యిలు వేరయ్యాయి. ఎందుకని అడిగితే ఇద్దరం రెండు కారణాలు చెప్తాం. రెండూ నిజమే.

ఆమె సూరత్‌లోనే పుట్టింది. నేను సిరిసిల్ల దగ్గరి ఒక పల్లె నుంచి వచ్చాను. ఆమెకు హిందీ, గుజరాతీ నోట్లో నాలుకలా తిరుగుతాయి. నేను కూరగాయల బండి దగ్గర హిందీ మాట్లాడితే పక్కన నిలబడి కిసుక్కున నవ్వేది. నాకు ఆమె పెట్టిన పేరు జంగ్లీ. నల్లా దగ్గర పదిమంది ఆడవాళ్ల ముందు, "మా జంగ్లీకి లిఫ్ట్ ఎక్కుడు రాదు, మెట్లెక్కి పోతది" అని చెప్పి నవ్వించేది. ఆమె ఆల్థాన్‌లో ఒక అపార్ట్‌మెంట్ సొసైటీలో రెండిళ్లలో వంట చేసేది. వాళ్ల ఫ్రిజ్‌లో ఏమున్నదీ, వాళ్లు ఏ డబ్బాలో ఏం పెట్టుకున్నదీ సాయంత్రం మాకు వినిపించేది. ప్లాస్టిక్ డబ్బాలో వచ్చే తెల్ల పుట్టగొడుగుల గురించి కూడా అలాగే విన్నాను. నేను పుట్టల మీద తెంపి తిన్నవాటిని వీళ్లు డబ్బాలో కొనుక్కుంటారా అని ఆశ్చర్యపోతే, "మట్టిల మొలిసింది తినే జంగ్లీవి, నీకేం తెల్సు" అంది.

ఆ మాట నేను మరిచిపోలేదు. నేను మాటలు మరిచిపోయే రకం కాదు.

లాక్‌డౌన్‌లో మగ్గాలు ఆగిపోయాయి. పగలూ రాత్రీ చెవుల్లో మోగే చప్పుడు పోయేసరికి పిల్లలు భయపడి నిద్రలోంచి లేచేవాళ్లు. వరసలో సగం మంది తాళాలు వేసి ఊళ్లకు పోయారు. మా బావ, "పోతే మళ్ల ఈ జాగ దొరకది" అన్నాడు, ఉండిపోయాం. ఆల్థాన్ సొసైటీ వాళ్లు పనివాళ్లెవరూ గేటు లోపలికి రావద్దన్నారు. మా తోడికోడలు ఇంట్లో కూర్చుంది. నేనూ ఇంట్లోనే ఉన్నాను. రెండు గదుల్లో ఆరుగురం, బయట పోలీసులు. మా మధ్య పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది. చీపురు ఎవరు ఎక్కడ పెట్టారన్న దగ్గర మొదలైన గొడవ నా పుట్టింటి దాకా వెళ్లేది. కూరగాయలు ఉన్నప్పుడు ఉన్నాయి, లేనప్పుడు లేవు. రేషన్ బియ్యం, పప్పు, మళ్లీ బియ్యం, మళ్లీ పప్పు.

జూన్‌లో కొన్ని మగ్గాలు మొదలయ్యాయి, మావి కాలేదు. నా భర్త ఒక తెలిసినాయన స్కూటర్ తీసుకుని కడోదరా దాటి, హైవే వదిలి, తూర్పున ఉన్న పల్లెల నుంచి కూరగాయలు తెచ్చి మా గల్లీలో అమ్మడం మొదలుపెట్టాడు. ఆయనకు బేరం చేయడం రాదు. అందుకని నేను వెనక కూర్చుని వెళ్లేదాన్ని. ఒకరోజు చెరకు చేలన్నీ దాటి ఇంకా లోపలికి వెళ్లాం. అక్కడ టేకు, మోదుగు చెట్లతో చిన్న అడవి మొదలవుతుంది. రెండు రోజులు కుండపోత కురిసి, ఆ ఉదయం ఎండ కాసింది. గాలిలో పుట్టగొడుగుల వాసన తెలిసింది. స్కూటర్ ఆపమన్నాను.

మా అమ్మమ్మ నాకు ఆస్తి ఏమీ ఇవ్వలేదు గాని ఆ వాసన ఇచ్చింది. చిన్నప్పుడు వానకాలంలో నన్ను వెంటబెట్టుకుని అడవికి వెళ్లేది. తెంపనిచ్చేది కాదు. మొదటి రెండేళ్లు చూడడమే. "కండ్లతోని తెంపు ముందు" అనేది. పుట్టను చూడాలి, లేదా ఒకప్పుడు పుట్ట ఉన్న నేలను చూడాలి. కట్టెపుల్లతో చుట్టూ మట్టి తవ్వాలి గాని పైన పట్టుకుని లాగకూడదు. లాగితే అసలు సంగతి మట్టిలోనే ఉండిపోతుంది. మంచిదానికి వేరులాంటి తోక కిందికి దిగి దిగి, సన్నబడుతూ పుట్టలోకి పోతుంది. గొడుగు నడిమధ్యలో మొన తేలి ఉంటుంది, అక్కడ బూడిద రంగు. అంచులు చీలి ఉంటాయి. తిప్పి చూస్తే లోపలి రెక్కలు తెల్లగా, ముదిరితే లేత గులాబీ తిరిగి ఉంటాయి. మెడ బోడిగా ఉండాలి. మెడకు గాజులా ఉంగరం చుట్టి ఉంటే వదిలెయ్. కింద గిన్నెలాంటిది ఉంటే వదిలెయ్. రెక్కల్లో పచ్చదనం కనిపిస్తే చెయ్యి కడుక్కుని ఇంటికి రా. ఇన్నిటిలో ఏ ఒక్కటి కుదరకపోయినా వదిలెయ్. బుట్టలో వేసేముందు ఒక్కొక్కదాన్నీ విడిగా చూడాలి, పక్కది మంచిదైతే ఇదీ మంచిదేనని అనుకోకూడదు.

ఇంకో రెండు కట్టుబాట్లు ఉండేవి. పుట్టగొడుగుల జాగా ఎవరికీ చెప్పకూడదు, ఎవరినీ అడగకూడదు. చెప్తే పుట్ట ఇవ్వడం మానేస్తుందని మావైపు నమ్మకం. చెల్లెలు అక్కకు చెప్పదు. కోడలికి అత్త చెప్పదు. మా అమ్మమ్మ నన్ను ఎప్పుడూ తీసుకుపోని తన సొంత పుట్ట జాగా నాకు చెప్పింది తన కాళ్లు పడిపోయాకే. రెండోది ఈ మొదటిదానికి జోడు. ఇంకొకరు తెంపిన పుట్టగొడుగులు నీ పొయ్యి మీద పెట్టకు. ఎక్కడ మొలిచిందో తెలియనిదాన్ని ఎవరు తెచ్చినా తినకు. ఈ రెండూ కలిసి ఉన్నంతకాలం మా ఊళ్లో ఎవరికీ ఏమీ కాలేదు. జాగా రహస్యమైతే ఇంకొకరు తినడం ఉండదు, తినాలంటే తెంపిన చేతులు నీవే అయి ఉండాలి.

ఆ రోజు నాకు కొంగు నిండా దొరికాయి. నేల నుంచి తోకలతో సహా తవ్వాను. గుంతలు మట్టితో కప్పేశాను. నా భర్త బండి దగ్గరే నిలబడి, "పాములుంటయ్, జర చూస్కో" అని అరుస్తూ ఉన్నాడు.

ఇంటికి వచ్చి ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి, చారెడు ధనియాల పొడితో వండాను. బాగా ఉడికించాలి, సగం ఉడికినవి మంచివైనా కడుపులో గొడవ చేస్తాయి. ఆ వాసన వెళ్లి ముందు గది నిండింది. నేను కావాలనే మూత తీసి వండాను. ఒప్పుకుంటున్నాను. నాలుగు నెలలుగా పప్పు తింటున్న ఇంట్లో మాంసం లాంటి వాసన అది. ముందుగా వాళ్ల కూతురు గిన్నె పట్టుకుని వచ్చింది. పిల్లకు వేశాను. తర్వాత ఆమె వచ్చింది, మూతి తిప్పుకుంటూ, నీళ్లకు వచ్చినట్టు.

"ఎక్కడ దొరికినయ్ గివి?"

"మట్టిల మొలిసినయ్. జంగ్లీలు తినేవి. నీకెందుకక్కా?"

ఆమె ముఖం మాడిపోయింది. నాకు కడుపు నిండింది. అప్పటికి ఇంకా ఒక్క ముద్ద కూడా తినలేదు.

నాలుగు రోజుల తర్వాత మళ్లీ తెచ్చాను, మళ్లీ వండాను. ఈసారి ఆమె నేరుగా అడిగింది. "జాగ చెప్పు. నేను గూడ పోయి తెచ్చుకుంట. పిల్ల రోజూ అడుగుతుంది."

"జాగ చెప్పొద్దు. మా ఊర్ల ఎవ్వరూ చెప్పరు. అడుగుడే తప్పు."

"మీ ఊరు ఈడ లేదు. జాగ చెప్పకుంటే పాయె, మంచిదేదో చెడ్డదేదో ఎట్ల తెలుస్తదో అది చెప్పు. అదన్న చెప్తవా?"

ఇక్కడే నేను చేసిన పని ఉంది. నాకు అప్పుడు మొనా, తోకా, మెడా, రెక్కలూ అన్నీ చెప్పడానికి పది నిమిషాలు పట్టేది. చెప్తే ఆమె నేర్చుకునేది. చురుకైన మనిషి, వెంటనే నేర్చుకునేది. నేర్చుకుంటే ఆ ఇంట్లో నాకంటూ ఉన్న ఒక్క విద్యా ఆమెదీ అయ్యేది. నేను పెనం మీద నుంచి తల తిప్పకుండా అన్నాను, "గదేముంది, వెండి మెట్టె వేసి ఉడికియ్. నల్లవడితే ఇసం. నల్లవడకుంటే తినొచ్చు."

ఇది మా ఊళ్లో చాలామంది చెప్పే మాటే. వెల్లుల్లి వేసి చూడమని కొందరు, బియ్యం వేసి చూడమని కొందరు, మెట్టె వేయమని కొందరు. మా అమ్మమ్మ ఇవన్నీ విని ఊసేది. "మెట్టెకేం తెల్సు? అది కాలికి పెట్టుకునేది. కోడిగుడ్డు పులుసుల వేస్తే గూడ నల్లవడతది, మరి గుడ్డు ఇసమా?" అనేది. అంటే అది అబద్ధమని నాకు బాగా తెలుసు. తెలిసే చెప్పాను. ఆమె చచ్చిపోవాలని చెప్పలేదు. ఆమె ఎక్కడికీ పోదనీ, సూరత్‌లో పుట్టినదానికి అడవి ఎక్కడుందో తెలియదనీ, ఈ మాటతో నోరు మూసుకుంటుందనీ చెప్పాను. నా నోటి నుంచి వచ్చిన ఏ మాటనూ ఆమె ఏనాడూ నమ్మింది లేదు. ఇదొక్కటి నమ్మింది.

తర్వాతి వారం ఒకరోజు పొద్దున్నే ఆమె సంచి పట్టుకుని బయటికి పోయింది. మధ్యాహ్నం నేను, నా భర్త కూరగాయల నుంచి తిరిగి వచ్చేసరికి ఇంట్లో పుట్టగొడుగుల వాసన ఉంది. ఆ వాసన కొంచెం వేరుగా అనిపించింది. ముందు గదిలో ఇద్దరు పిల్లలూ కంచాల ముందు కూర్చుని ఉన్నారు, మా పిల్ల కూడా. ఆమె గిన్నెలో గరిటె తిప్పుతూ, నన్ను చూసి, కనుబొమ్మలు ఎగరేసింది.

"నీ ఒక్కదానికే దొరుకుతయనుకున్నవా?"

గోడ పక్కన సంచిలో వండకుండా మిగిలినవి నాలుగున్నాయి. తీసి చూశాను. తెల్లగా, బొద్దుగా, అరచేతంత ఉన్నాయి. నావాటికంటే అందంగా ఉన్నాయి. నెత్తిన గోధుమరంగు పొలుసులు. మధ్యలో మొన లేదు. కింద తోక లేదు, ఉల్లిగడ్డలా గుండ్రంగా ఉబ్బి ఉంది, దానికి పచ్చగడ్డి పోచలు అంటుకుని ఉన్నాయి. మెడకు ఉంగరం ఉంది. అన్నిట్లోకీ ముదిరినదాన్ని తిప్పి చూస్తే రెక్కల మధ్య మురికి పచ్చ రంగు.

"ఎక్కడ తెంపినవ్ ఇవి?"

"జాగ చెప్పొద్దు," అంది. "అడుగుడే తప్పు."

"అక్కా, మొక్కుత. ఇవి తినేటియి కావు. మెడకు ఉంగరమున్నది సూడు. ఎక్కడియో చెప్పు."

ఆమె గరిటెతో గిన్నెలో వెతికి, ఒక మెట్టె పైకి తీసి నా ముఖం ముందు పెట్టింది. పులుసు కారుతూ, తళతళలాడుతూ ఉంది. నేను ఆమె కాలు వైపు చూశాను. వేలు బోసిగా ఉంది, మెట్టె ఉన్నచోట తెల్లటి గాడి. పెళ్లయిన నాటి నుంచి ఆమె ఆ మెట్టె తీయగా నేను చూడలేదు. మొగుడుండగా తీయకూడదని ఆమెకు పట్టింపు. నేను విసిరిన మాట కోసం తీసి, కడిగి, కూరలో వేసింది.

"నల్లవడలే," అంది. "గంట ఉడికిచ్చిన."

"మెట్టెది అబద్ధం. నేను ఊరికె చెప్పిన. నీకు చెప్పుడు ఇష్టం లేక చెప్పిన."

ఆమె నవ్వింది. నల్లా దగ్గర నవ్వే నవ్వే. "ఇయ్యాల నాకు దొరికినయని ఓర్వలేక ఇప్పుడు అబద్ధమంటున్నవ్. నా పిల్ల తింటే నీ కండ్లు మండుతున్నయ్. నేను ఒక కంచం తిని గంటయింది. పిల్లలకు పెట్టేముందు నేనే తిని చూసిన. నాకేమన్న అయ్యిందా?"

ఆమె ఇంకేదో అంటుండగానే నేను గిన్నె ఎత్తి బయట మురుగుమోరీలో పోసేశాను. పిల్లల కంచాలు కూడా లాక్కుని పోసేశాను, పెద్దపిల్ల ఇంకా అన్నంలో చెయ్యి పెట్టలేదు. మా పిల్ల అప్పటికే ముద్ద కలిపింది, దాని చేతి మీద కొట్టి, నోట్లో వేలు పెట్టి చూశాను. తినలేదు. వెనక్కి తిరిగేసరికి నా చెంప ఛెళ్లుమంది. ఆమెకు చెయ్యి బరువు. వరసలో మిగిలిన నాలుగిళ్ల వాళ్లూ బయటికి వచ్చి మూతి గుడ్డల పైనుంచి చూశారు. నాలుగు నెలలుగా అందరూ గింజ గింజ చూసుకుని తింటున్న రోజుల్లో పిల్లల కంచంలో కూర మోరీలో పోసినదాన్ని. ఆమె వాళ్లకు అదే చెప్పింది, హిందీలో, గుజరాతీలో, తెలుగులో. నేను కూడా తిట్టాను. ఏం తిట్టానో ఇక్కడ రాయను.

ఇంకో గంటకు ఆమెకు వాంతులు మొదలయ్యాయి.

మొదటి రెండు సార్లు నా దిష్టి తగిలిందని అంది. మూడోసారికి ఆ మాట అనే ఓపిక లేదు. కడుపు పట్టుకుని బాత్‌రూమ్ గడపలోనే కూలబడింది. నీళ్లు తాగితే నీళ్లు, నిమ్మరసం తాగితే నిమ్మరసం, ఏది పోసినా బయటికి వచ్చేస్తోంది. విరేచనాలు కూడా పట్టుకున్నాయి. పెదవులు తెల్లగా అయ్యాయి. ఆసుపత్రికి పోదామన్నాను.

"పోను," అంది. "వాంతులైతున్నయంటే కరోనా అంటరు. తీస్కపోయి ఆ వార్డుల పడేస్తరు. సచ్చినా పోను."

బావగారు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఆయన మంచివాడే గాని ఏ పనికైనా ఇంకొకరు ముందు పడాలి. "జర సూద్దాం, తగ్గుతదేమో," అన్నాడు. ఆ మధ్య మా గల్లీ నుంచి ఇద్దరిని తీసుకుపోయారు, ఒకాయన తిరిగి రాలేదు. భయం ఆయనది ఒక్కడిదే కాదు. అందరం ఆ భయంలోనే ఉన్నాం.

నేను బావగారితో, అందరూ వినేలా చెప్పాను. "బావా, మెట్టె మాట నేనే చెప్పిన. అది అబద్ధమని తెల్సే చెప్పిన. అది నమ్మి తిన్నది. అవి ఇసం గొడుగులు. నువ్వు తీస్కపోకుంటే నేను ఎత్తుకపోత."

ఆయన నన్ను చూసిన చూపు నేను ఇప్పటికీ మోస్తున్నాను. కాని కదిలాడు. ఆటో ఆయన వాంతులని వినగానే షట్టర్ దించినట్టు ముఖం తిప్పుకున్నాడు. కూరగాయల స్కూటర్ మీదే బావగారు ముందు, ఆమె మధ్యన, నేను వెనక. ఆమె నడుము చుట్టూ చేతులు వేసి పట్టుకున్నాను. నా ఒడిలో సంచి, సంచిలో ఆ నాలుగు పుట్టగొడుగులు. నాకా పొద్దు ఎవరి మీద కోపం ఎక్కువగా ఉందో చెప్పలేను. ఆమె తల నా భుజం మీదికి వాలితే, ఎంత బరువుందీ మనిషి అని కూడా తిట్టుకున్నాను.

ఆసుపత్రి గేటు దగ్గర జ్వరం చూసేవాడు వాంతులనగానే కరోనా వరస వైపు చెయ్యి చూపించాడు. ఆమె చెయ్యి నా చేతిలో బిగుసుకుంది. నేను సంచి బోర్లించి పుట్టగొడుగులు అతని టేబుల్ మీద పోశాను. నా హిందీకి నవ్వేవాళ్లు ఎవరూ లేరక్కడ. నవ్వే మనిషికి తల నిలవడం లేదు. "యే ఖాయా! కరోనా నహీ, యే ఖాయా!" అని అరిచాను. లోపలి నుంచి ఒక నర్సు వచ్చి చూసి, "బిలాడీనో టోప్ ఖాధో?" అంది. గుజరాతీలో పుట్టగొడుగును పిల్లి టోపీ అంటారు. అవునన్నాను. ఆ పిల్లి టోపీయే మమ్మల్ని ఆ వరసలోంచి తప్పించింది.

సెలైన్ పెట్టారు. తలనుంచి కాళ్లదాకా ప్లాస్టిక్ తొడుక్కున్న డాక్టర్ గొడుగులను తిప్పి చూసి, ఎక్కడ మొలిచాయని హిందీలో అడిగాడు. గడ్డిలోనా, అడవిలోనా, చెట్టు కిందా? కొన్ని రకాలు గంటల్లోనే వాంతులు చేయించి వదిలేస్తాయట, కొన్ని మరునాటిదాకా ఏమీ తెలియనివ్వకుండా ఉండి లివర్‌ను తినేస్తాయట. ఏ రకమో తెలిస్తే మంచిదన్నాడు. ఆమె కళ్లు మూసుకుని ఉంది. అడిగితే తల అడ్డంగా ఊపింది. ఆ స్థితిలో కూడా చెప్పదట.

నేను ఆమె చెవి దగ్గరికి వంగాను. "నా జాగ చెప్త. కడోదరా దాటినంక కాలువ బ్రిడ్జి వస్తది. దాని ఎడమదిక్కు మట్టి తోవ. టేకుచెట్ల నడుమ కూలిపోయిన పుట్ట. అంతే. ఇప్పుడు నీది చెప్పు."

ఆమె పెదవులు కదిలాయి. "ఆల్థాన్‌ల. నేను పని చేసిన సొసైటీ. గేట్ పక్క లాన్. ఎవ్వరూ కోస్తలేరు గడ్డి."

గేటు లోపలికి రానివ్వని సొసైటీ అది. చువ్వల్లోంచి చెయ్యి పెట్టి తెంపిందట. డాక్టర్‌కు చెప్పాను. గడ్డిలో మొలిచే ఈ పచ్చరెక్కల రకం ఎక్కువగా వాంతులు చేయించేదేనని, అయినా రెండు రోజులు ఉంచి రక్తం చూస్తానని అన్నాడు. మూడో రోజు ఇంటికి పంపారు.

గిన్నె పోసేసి ఇద్దరు పిల్లల ప్రాణాలు కాపాడాను గదా, ఇంటికి వచ్చాక ఒక మంచి మాట వస్తుందనుకున్నాను. సిగ్గులేకుండా అనుకున్నాను. ఆమె నల్లా దగ్గర గోడను ఆనుకుని నిలబడి, ఇంకా నీరసం తగ్గని గొంతుతో అందరికీ చెప్పింది: "మెట్టె మాట ఇదే చెప్పింది. నేను సస్తనేమో సూద్దామనుకుంది." నేను బిందె పట్టుకుని వెనకే ఉన్నాను. కాదనడానికి నోరు తెరిచాను. ఏ ముక్క కాదనాలో తెలియలేదు. బిందె నింపుకుని ఇంట్లోకి వచ్చాను.

మెట్టె మళ్లీ కాలికి పెట్టుకుంది. నాతో మాట్లాడడం మానేసింది. పొయ్యిల దగ్గర మా వీపులు అప్పుడప్పుడూ తగిలేవి, ఆమె పక్కకు జరిగేది కాదు. రెండో విడత కరోనా వచ్చి పోయింది. మగ్గాలు తిరగడం మొదలయ్యాయి. ఏడాది గడిచింది. మొదటి పెద్ద వాన పడిన మర్నాడు ఆమె మా గది గుమ్మంలో వచ్చి నిలబడింది.

"చూపియ్," అంది.

తీసుకెళ్లాను. పుట్ట దగ్గర పుల్లతో ఎట్లా తవ్వాలో చూపించాను. మొన, తోక, మెడ, రెక్కలు. ఈసారి ఏదీ దాచలేదు. ఒకసారి చెప్పింది మళ్లీ అడగలేదు ఆమె. అనుకున్నట్టే, ఒళ్లు మండేంత త్వరగా నేర్చుకుంది. ఆ పక్కనే ఆకుల్లో ఒకటి తెల్లగా కనిపిస్తే నేను చెయ్యి చాపేలోపే ఆమె తవ్వి తీసి, అడుగున ఉన్న గిన్నెలాంటి దాన్ని నాకు చూపించి, దూరంగా విసిరేసింది.

ఆ రోజు కూర నేనే వండాను. రెండు గదులకూ ఒకే గిన్నెలో. పిల్లలు కంచాలు తెచ్చుకున్నారు. ఆమె కంచాలు తీసి వెనక పెట్టేసింది. ఒక కంచంలో అన్నం, కూర వడ్డించి నా ముందు పెట్టింది.

"నువ్వు తిను ముందు."

"తిని?"

"నేను సూస్త."

నాకు చర్రున కోపం వచ్చింది. అయినా తెలిసిన విషయం చెప్పకుండా ఉండలేకపోయాను. ఈసారి నిజమే చెప్పాలని ఉంది. "గంట, రెండు గంటలు సూస్తే సరిపోదక్కా. కొన్ని మర్నాటికి గాని బయటపడవని డాక్టర్ చెప్పలేదా?"

వండని సగం గొడుగులు పక్కన ఉన్నాయి. ఆమె వాటిని తడిగుడ్డలో చుట్టింది.

"అయితే ఇయ్యాల నువ్వు తిను. మేం రేపు తింటం."

ఇద్దరు పిల్లల్నీ పక్కన కూర్చోబెట్టుకుని, గోడకు ఆనుకుని, నా నోటి వైపే చూస్తూ కూర్చుంది. నేను కంచం ఖాళీ చేసేదాకా కళ్లు తిప్పలేదు. మా పిల్ల, "అమ్మా, బాగుందా?" అని అడిగింది. బాగుందన్నాను.

అప్పటి నుంచి ప్రతి వానకాలం ఇంతే. ఇప్పుడు అడవికి ఆమె నాకంటే ఎక్కువ వెళ్తుంది. తనే తవ్వుతుంది, ఒక్కొక్కదాన్నీ తిప్పి తనే చూస్తుంది, తనే కడుగుతుంది. వాటిలో చెడ్డది ఒక్కటి ఉండదని నాకు తెలుసు, ఆమెకూ తెలుసు. వండడం మాత్రం నాకు వదిలేస్తుంది. వండాక మొదటి కంచం నా ముందు పెట్టి, గోడకు ఆనుకుని కూర్చుంటుంది. నేను తింటాను.